పా కూ పిన్ని మొక్కు

మా కొండమీద ఎవరికి కడుపునొప్పి వచ్చినా మందు ఒక్కటే, నీటిబల్లి. నల్లటి గరుకు ఒళ్ళు, వీపున పసుపు చారలు. దాన్ని ఎండబెట్టి, పొడి చేసి, సారాలో కలిపి ఇచ్చేది మా పా కూ పిన్ని. తాగితే నొప్పి తగ్గేదో, ఆ కంపుకు మనిషి నొప్పి సంగతే మరిచిపోయేవాడో నేను చెప్పలేను.

ఒక ఏడు ఆమె మొగుడు న్యియా చూ బాబాయి పోడు కొడుతుంటే చెట్టుకొమ్మ విరిగి మీద పడి ఆయనకు తెలివి తప్పింది. అలాంటప్పుడు మా హ్మాంగ్ తెగవాళ్ళం, మనిషి బతికితే పందిని ఇస్తామని వాగుదేవరకు మొక్కుకుంటాం. పిన్ని కంగారులో పంది మాట మరిచిపోయి, ఈయన్ని బతికించు, నీ నీటిబల్లిని ఇక ఎవరి కోసమూ ముట్టుకోను అనేసింది. బాబాయి లేచి కూర్చున్నాడు. ఊరంతా పిన్నిని వెక్కిరించింది. పందైతే ఒక్క పూటలో తీరిపోయేది, పైగా తలా ఒక ముక్క దక్కేది. ఆ బాధ నాకూ ఉంది.

తర్వాత పట్నం నుంచి బేరగాళ్ళు నీటిబల్లుల కోసం వచ్చి మిగతా వాగులన్నీ ఊడ్చుకుపోయారు. పట్టి ఇచ్చింది మేమే. మొక్కు ఉన్న నీళ్ళంటే భయం కాబట్టి పిన్ని మొక్కిన ఆ ఒక్క వాగు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. నీటిబల్లులు అక్కడే మిగిలాయి.

పోయిన వానల్లో నొప్పి పిన్నికే పట్టుకుంది. గుక్కెడు గంజి కూడా లోపల నిలవడం లేదు. మొక్కుకున్నది నువ్వు, నేను కాదు కదా అంటూ బాబాయి వాగుకు పోయి ఒకదాన్ని బతికుండగానే బుట్టలో తెచ్చాడు. నేను వాళ్ళ పొయ్యి దగ్గరే ఉన్నాను.

"ఎక్కడిదయ్యా ఇది?" అంది పిన్ని.

"ఎక్కడిదైతే నీకెందుకే? కాల్చి పెడతా, నోరు మూసుకుని తిను."

"ఎవరి కోసమూ అని మొక్కాను. అందులో నేనూ ఉన్నాను. ఇది తింటే నువ్వుండవు. నువ్వు లేకుండా ఈ కడుపు బాగుపడి నాకేం ఒరుగుతుందయ్యా?"

ఆమె మొగుడితో అంత మెత్తగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. బాబాయి కూడా అంతకుముందు విన్నట్టు లేడు. ఎటు చూడాలో తెలియక బుట్టలోకి చూశాడు.

ఆమెను వీపున మోసుకుని వాగుకు తీసుకెళ్ళాడు. దారంతా తిట్టాడు. ఆమె బుట్ట వంచి, దాన్ని నీళ్ళలోకి వదిలింది. వచ్చేటప్పుడు అతను తిట్టలేదు.

కోతలకు ముందే పిన్ని పోయింది. బాబాయి గట్టిగా ఉన్నాడు, ఒక్క పన్నూ ఊడలేదు. మొన్న పొలం గట్టున కనిపిస్తే ఒంట్లో ఎలా ఉందని అడిగాను.

"బాగానే ఉంటున్నానురా. మీ పిన్ని మీద నాకు అందుకే కోపం," అన్నాడు.