వెనక అద్దం మీద అమ్మ పేరు

మిట్టేమరిలో మా ఇంటికి మొదటి కారు వచ్చి రెండు వారాలయింది. కొన్నది కాదు, మూడేళ్ళ లీజు. ఇప్పించింది మా అక్క మొగుడు. చిక్కబళ్ళాపురంలో ఆ లీజు ఆఫీసులోనే పని చేస్తాడు.

సంతకం పెట్టకముందే ఆయనను ఒక్క మాట అడిగాను, వెనక అద్దం మీద అమ్మ పేరు రాయించుకోవచ్చా అని. మా వైపు దేవుడి పేరో పెద్దవాళ్ళ పేరో లేకుండా ఏ బండీ రోడ్డెక్కదు. "నీ కారు, నీ ఇష్టమప్పా" అన్నాడు. బాగేపల్లి తీసుకుపోయి ఎర్ర రంగుతో 'నరసమ్మ' అని పెద్దగా రాయించాను.

ఈ రోజు పొద్దున బావ బ్లేడు తీసుకొని వచ్చాడు.

"పేరు తీసేయాలప్పా. లీజు బండి మీద ఏమీ రాయకూడదని కాగితంలోనే ఉండాది."

"ముందే నిన్ను అడిగితిని కదా బావా?"

"అప్పుడే వద్దనింటే నువ్వు సంతకం పెట్టింటివా?"

నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూనే కూర్చొని గీకాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు అనేసేవాణ్ణే, అంతలో అమ్మ బయటికి వచ్చింది.

"మన కారు మీద నా పేరు అల్లుడు యాల గీకుతాండాడురా?"

లీజు సంగతి ఆమెకు నేను చెప్పలేదు. చెబితే అద్దె కారు మనకు వద్దంటుందని ఊరుకున్నాను.

బావ గీకడం ఆపి నా వైపు చూశాడు. ఆయనను ఒక్క మాట కూడా అనలేకపోయాను. సాయంత్రమైంది, అమ్మకు ఇంకా జవాబు చెప్పలేదు. మీరైతే ఎట్లా మొదలుపెడతారు?