వదలని బోల్టు

అత్‌బాషీ పట్నం దాటి కొండలెక్కే దారిలో ఉన్న ఆ ఊళ్ళో బురుల్చా మంత్రసాని. భర్త ఎసెన్ బతికున్నన్నాళ్ళూ తన పాత నివా కారులో ఆమెను పచ్చికబయళ్ళలో పశువుల కాపరుల గుడారాల దాకా తిప్పేవాడు. గుండెపోటుతో అతను పోయాక ఆమే నడపడం నేర్చుకుంది. అత్తగారు సైరకాన్‌కు అది సుతరామూ నచ్చలేదు. కోడలు తాళంచెవి తీసినప్పుడల్లా ముఖం అటు తిప్పుకునేది.

చలి ముదిరే ముందు కారు వెనకభాగం ప్రతి గుంతకీ దడదడలాడడం మొదలుపెట్టింది. ఇరుసును పట్టి ఉంచే కడ్డీల్లో రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి. మరిది జుమాలీ వంగి చూసి పెదవి విరిచాడు.

"పాత ఇనుముకి ఇచ్చెయ్ వదినా. గుర్రాన్ని కొనుక్కో. దానికి తుప్పు పట్టదు."

"నొప్పులు పడేదాన్ని గుర్రమెక్కించి ఆసుపత్రికి నువ్వు తీసుకెళ్తావా?"

అతను తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. బురుల్చా సంతకెళ్ళి కొత్త బోల్టులు, బుష్‌లు తెచ్చుకుంది. జాకీతో కారు లేపి, కింద దుంగలు పేర్చి, ఎసెన్ పాత కోటు తొడుక్కుని వెల్లకిలా దూరింది. తీగల బ్రష్షుతో తుప్పు గీకి, కిరసనాయిలు పోసి, నాననిచ్చి, పానాకు పొడవాటి పైపు తొడిగి లాగింది. మిగతా నట్లు మూలుగుతూనో కీచుమంటూనో వచ్చాయి. ఎడమవైపు ముందుది మాత్రం కదల్లేదు.

సైరకాన్ గుమ్మంలో టీ తాగుతూ చాలాసేపు చూసింది. ఉండబట్టలేక లేచి వచ్చింది.

"ఎందుకే ఆ కుస్తీ? బయటికున్న ఆ పైపు కొసమీద నేను కూచుంటా. ఈ ఒళ్ళు ఇంకెందుకు?"

"పడతారత్తయ్యా!"

"పడితే నువ్వున్నావుగా, మంత్రసానివి."

కూచుంది. ఖణేల్మని నట్టు వదిలింది. ఇద్దరూ గట్టిగా నవ్వారు. ఎసెన్ పోయాక ఆ వాకిట్లో వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

నట్టు వచ్చింది గానీ బోల్టు రాలేదు. బుష్ లోపలి ఇనుప గొట్టంతో కలిసి ఒకే ముద్దయిపోయింది. ఎంత సుత్తితో కొట్టినా దాని కొన నలిగి పుట్టగొడుగులా విచ్చుకుందే తప్ప జరగలేదు. ఇక కోయడమే దారి. రంపం ఎక్కడ ఆనించాలో చూద్దామని బోల్టు తలమీది మట్టి తుడిచింది. కింద పచ్చరంగు కనిపించింది. వాళ్ళ గేటు రంగు. బోల్టు వదులైతే తెలియాలని ఎసెన్ వేలితో అద్దిన గుర్తు అది.

రంపం పక్కన పెట్టేసింది. మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లిన రోజుల్లో, ఎవరికో పురుడు పోయడానికి తనని కూచోబెట్టుకుని వెళ్ళాడే, ఆ ఉప్పే దీన్ని తినేసింది. అతను బిగించినవాటిలో ఇంకా బిగుసుకుని ఉన్నది ఇదొక్కటే. దాన్ని తన చేత్తో కోయాలా?

"ఏమైందే?" అంటూ సైరకాన్ మోకాళ్ళు పట్టుకుని వంగింది. ఆమె కూడా ఆ రంగు చూసింది.

"వాడు గేటుకి రంగేసిన రోజు నా కండువా పాడుచేశాడు," అంది. "కొయ్యవే. వాడుంటే ఈపాటికి కోసేసి, నన్ను టీ అడిగేవాడు."

బురుల్చా రంపం ఆనించింది. గేటు దగ్గర జుమాలీ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. తను తెచ్చుకున్న రంపం పట్టుకుని అవతలి నుంచి కారు కిందికి దూరాడు.

"పక్కకి జరుగు వదినా, ఇటు నేను కోస్తా."

"గుర్రం సంగతేమైంది?"

"ఎగతాళి చాలుగానీ, నా కళ్ళలో ఇనుప పొడి కొట్టకు."

సాయంత్రం దాకా కోశారు. ముక్కలు రాలాక బురుల్చా కొత్త బుష్‌లు ఎక్కించి, కొత్త బోల్టులకు దిట్టంగా గ్రీజు పట్టించి బిగించింది. జుమాలీ అందిస్తూ పోయాడు, సలహా ఒక్కటీ చెప్పలేదు.

మర్నాడు కొండమీది గుడారంలో ఉన్న గర్భిణిని చూడడానికి బయల్దేరుతుంటే సైరకాన్ ముందు తలుపు తీసుకుని ఎక్కి కూచుంది.

"మీరెక్కడికత్తయ్యా?"

"ఆ పిల్ల అత్త నాకు ఎరుకే. మెల్లగా పోనీ."

ఊరు దాటేలోపే అటు తిప్పు, ఇటు ఆపు అని ప్రతి రాయికీ ఒక కేక పెట్టింది. బురుల్చా ఊఁ కొడుతూ తనకి తోచినట్టే నడిపింది.