దొడ్డిపల్లెకు లాటిన్ పేరు

మా లాటిన్ అయివారు పోయిన వారం ఆదోనిలో కన్నుమూశారు. ఆయనను బడిలోంచి వెళ్లగొట్టిన పెద్దమనుషులే సంతాపసభ పెట్టి, "మహాపండితుడు" అని పొగిడారు. చచ్చినవాడు ఎదురుమాట చెప్పడన్న ధైర్యం!

ఆ మిషను బడిలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. ఊరి పేరుకు ఎవరైనా చిటికెలో అర్థం చెబితే అయివారికి మండిపోయేది. "ఎమ్మె అంటే కన్నడంలో ఎనుము, అదే బర్రె. అట్లని ఎమ్మిగనూరోళ్లంతా ఎనుములేనా? ఆ ఊరికే పోయి అడగల్లప్పా" అనేవారు.

కౌతాళం అవతల దొడ్డిపల్లె. అక్కడి కూలివాళ్లు రాళ్లు మోసి చిన్న చర్చి కట్టుకున్నారు. వాకిలిపైన ఊరి పేరు లాటిన్‌లో చెక్కించడానికి మద్రాసు నుంచి ఒక పండితుడు దిగాడు. దారిలో జీపు దిగకుండానే తుగ్గలిలోని 'గలి'ని పట్టుకుని దాన్ని గాలి ఊరు చేశాడు. కౌతాళంలోని 'కౌ'లో ఇంగ్లీషు ఆవును కనిపెట్టాడు. అంత చదువు ఇందుకే కాబోలు!

ప్రతిష్ఠ రోజు అయివారూ నేనూ వెళ్లాం. వాకిలిపైన పేరు చెక్కిన బండ మీది గుడ్డ తీశారు. జనం చేతులు జోడించారు. "వీకుస్ లాత్రీనే" అని ఉంది. చదివి వినిపించమని పండితుడు అయివారికి సైగ చేశాడు.

"ఏమని రాసినారు అయివారూ?" ముందు వరసలోని అవ్వ అడిగింది.

"మరుగుదొడ్డి పల్లె అని రాసినారమ్మా."

జోడించిన చేతులు దిగిపోయాయి. పండితుడు బిగుసుకుని, "నిఘంటువులో దొడ్డికి ఆ అర్థమే ఉంది" అన్నాడు.

"పశువుల దొడ్డి అని గూడా ఉండాది సార్. నీ కంటికి మాత్రం ఈళ్ల ఊరు మరుగుదొడ్డిగానే ఆనింది." అయివారు మగవాళ్ల వైపు తిరిగి, "ఆ బండ దించండప్పా" అన్నారు.

దించేశారు. పండితుడు భోజనం కూడా చేయకుండా జీపెక్కాడు.

వారం తిరక్కుండా అయివారి ఉద్యోగం ఊడింది. అతిథిని అవమానించాడట! రాళ్లు మోసినవాళ్లకు జరిగింది కూడా అవమానమేనని ఆ పెద్దమనుషుల బుర్రలకు తట్టనే లేదు. ఆయన చివరిదాకా పత్తి మిల్లులో గుమాస్తాగా బతికారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

నాకు ఆ సాయంత్రమే కళ్ల ముందు ఉంది. జీపు పోయాక అవ్వ అయివారి దగ్గరికి వచ్చింది.

"మా ఊరిని ఆ బాసలో సక్కంగా ఎట్లంటారప్పా?"

"ఓవీలె. గొర్రెలు తలదాచుకునే దొడ్డి."

"ఓయిలే," అంది అవ్వ బోసినోటితో. వెనకాల ఆడవాళ్లు నవ్వుతూ ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. అయివారు బాగా వినపడాలని చెవి వెనక చెయ్యి ఆనించుకుని, కళ్లు మూసుకుని, "ఇంగొక్కసారి అనండమ్మా" అంటున్నారు.