యలమంద డప్పు

పెళ్లి బ్యాండులో నతానియేలు క్లారినెట్ ఎత్తితే ఊరేగింపు గుర్రం పెళ్లికొడుకుని మరిచిపోయి నిలబడిపోయేదని గుడివాడలో చెప్పుకునేవారు. గుర్రం సంగతి అబద్ధమై ఉండొచ్చు. ముహూర్తాల సంగతి మాత్రం నిజం. బందరు నుంచి గుడ్లవల్లేరు దాకా ఆడపెళ్లివారు ముందు నతానియేలుకి ఖాళీ ఎప్పుడో కనుక్కుని, ఆ తర్వాతే పంతులుగారి గడప తొక్కేవారు. ఇత్తడి బొత్తాల ఎర్రకోటు, నూనె పెట్టి దువ్విన పాపిడి, చూపు ఆకాశంలో. ఇంతా చేసి మనిషి కాపురం మోపిదేవి పక్క పల్లెలో, తాటాకింట్లో.

ఆ ఇంట్లో పొయ్యి పక్క గోడకి వాళ్లయ్య యలమంద డప్పు వేలాడుతూ ఉండేది. యలమంద పోయి చాలాకాలమైంది. అయినా నతానియేలు సాధన చేస్తూ కింది స్వరం పట్టాడంటే గోడమీద డప్పు 'గుమ్మ్' అనేది. పక్కన గట్టిగా ఊదితే బిగిసిన తోలు అదురుతుంది, అంతే. ఆ సంగతి నతానియేలుకీ తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ "ఆఁ అయ్యా" అని బదులిచ్చేవాడు.

ఒక వానాకాలం ముందు, గుడివాడలో రైసుమిల్లు శోభనాద్రిగారింట పెళ్లయింది. ఆయన పందిరి మధ్యకి పిలిచి దండ వేసి, "ఎవరి దగ్గర నేర్చావోయ్ ఈ ఊపు?" అన్నాడు. చుట్టూ ఇస్త్రీ బట్టలు, అత్తరు వాసన. యలమంద పేరు నాలిక చివరిదాకా వచ్చి, కోటు బొత్తాలు చూసి వెనక్కి పోయింది.

"ఎవరూ నేర్పలేదండి. నాకే అబ్బింది."

అందరూ చప్పట్లు కొట్టారు. మెడలో డ్రమ్ము వేసుకున్న రత్నం ఒక్కడే కొట్టలేదు. రత్నం నతానియేలుకి వరసకి బావ.

ఇంటికొచ్చాక ముసురు పట్టింది. కొన్నాళ్లకి క్లారినెట్ తీసి కింది స్వరం పట్టాడు. గోడ పలకలేదు. మళ్లీ ఊదాడు. ఉహూఁ.

"హన్నా, విన్నావా?" అన్నాడు భార్యతో.

"ఏంటి?"

"ఏం వినపడలేదు కదా."

"వినపడందాన్ని ఎట్టా వింటానయ్యా?"

చిన్నప్పుడు యలమంద కొడుకుని కాలవలో నిలబెట్టి, బొప్పాయి కాడ నోట పెట్టి నీళ్లలోకి ఊదమని, గట్టుమీద డప్పు కొట్టేవాడు. "నా దరువు ఆగిందాకా నీ బుడగలు ఆగకూడదురా" అనేవాడు. ఆ ఊపిరే ఇప్పుడు సగంలో తెగిపోతోంది. డప్పు పలకాల్సిన చోటికి రాగానే చెవి ఎదురుచూస్తుంది, గొంతు ఆరిపోతుంది. పై వారం బందర్లో శోభనాద్రిగారి తమ్ముడింట పెళ్లి. అక్కడ ఊపిరి తెగితే బ్యాండంతా తలదించుకోవాల్సిందే. చిలక్కొయ్యకి తగిలించిన తడి కోటు సందె మసకలో, అటు తిరిగి నిలబడ్డ యలమంద వీపులా కనిపించేది.

అయ్యకి కోపమొచ్చిందని తేల్చుకున్నాడు. హన్నా చేత బొమ్మిడాయిల పులుసు వండించి, డప్పు కింద కంచం పెట్టాడు. పాస్టరుగారికి తెలిస్తే గుడి మెట్లెక్కనిచ్చేవాడు కాదు. బయటికెళ్లి తిరిగొచ్చి చూస్తే కంచం ఖాళీ. నతానియేలుకి ఒళ్లు జలదరించింది. చూరు మీద పిల్లి మూతి తుడుచుకుంటోంది.

హన్నా నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత నవ్వు ఆపింది.

"ముసురుకి తోలు మెత్తబడిందయ్యా. మావయ్య పోయిన కాణ్ణించీ వారం వారం దానికి సెగ చూపించేది నేను. నీకు తెలీదు."

"మరిప్పుడెందుకు మానేశావు?"

"నీకెవరూ నేర్పలేదంటగా? రత్నం అన్నయ్య చెప్పాడు. మరి ఎవరి డప్పని కాచేది?"

నతానియేలు డప్పు దింపి, గడ్డి అంటించి, మంట మీద తిప్పాడు. తోలు వేడెక్కుతుంటే యలమంద దుప్పటి వాసన ఇల్లంతా నిండింది. హన్నా పొగ పొగ అంటూ బయటికి పోయింది.

బందరు పెళ్లికి క్లారినెట్‌తో పాటు డప్పూ వెళ్లింది. ఎర్రకోటు దొర నడివీధిలో గొంతుకూర్చుని గడ్డి మంట పెట్టేసరికి పెళ్లివారు నోళ్లు తెరిచారు.

"ఇదేంటోయ్?" అన్నాడు శోభనాద్రి.

"మా అయ్యదండి. పేరు యలమంద. నాకు నేర్పింది ఆయనే. గుడివాడలో మీకు అబద్ధం చెప్పానండి."

శోభనాద్రి మంటకేసి చూశాడు. "అయితే కొట్టవయ్యా, చల్లారిపోద్ది" అన్నాడు.

నతానియేలు దరువు ఎత్తుకుని, డప్పు రత్నానికిచ్చి, క్లారినెట్ నోట పెట్టాడు. వీధి మలుపు దాకా ఊపిరి తెగలేదు.

తిరుగుదారిలో పులిగడ్డ దగ్గర వాన కొట్టింది. డప్పు ముద్దయిపోయింది. ఇంటికొచ్చి గోడకి తగిలించాడు. క్లారినెట్ ఇంకా పెట్టెలోనే ఉంది.

'గుమ్మ్.'

నతానియేలు హన్నాకేసి చూశాడు. "సెగ చూపించావా?"

"ఇంకా పొయ్యే ముట్టించలేదయ్యా."

చూరు మీద పిల్లి కూడా లేదు. హన్నా మెల్లగా నెత్తిన కొంగు కప్పుకుని, గోడకేసి తిరిగింది.

"ఆఁ మావయ్యా" అంది.