సున్నా చెయ్యని లెక్క

ఆ ఆదివారం కవిటి బడి గదిలో ఉన్నవి: మూడు పాత కంప్యూటర్లు, ఒక ఇన్వర్టర్, రెండు బల్లలు. ఉన్నవాళ్లు: తొమ్మిదిమంది పిల్లలు, టెక్కలి నుంచి బస్సులో వెళ్లిన నేను, ఏడో తరగతి పాప ఒకతె, వాళ్ల నాన్న.

రెండువేల తొమ్మిది అది. ఇంజినీరింగ్ అయింది, ఉద్యోగం రాలేదు. ఆదివారాలు పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పేవాణ్ణి. టైపు చెయ్యక్కర్లేదు. ‘కదులు’, ‘ఆగు’, ‘మళ్లీ చెయ్యి’ అని రాసున్న రంగు ముక్కల్ని మౌసుతో లాగి ఒకదాని కింద ఒకటి అతికిస్తే, తెర మీద బొమ్మ అలాగే ఆడుతుంది.

అందులో మామూలుగా ఉండే పిల్లి బొమ్మను తీసేసి పాప వాళ్ల నాన్నను గీసింది. లుంగీ, మీసం, పక్కన కొబ్బరి చెట్టు. చెట్టు మీద నొక్కితే బొండాం రాలుతుంది, ఆయన తాగుతాడు, తెర మూలన ఉన్న లెక్క ఒకటి పెరుగుతుంది.

అసలు మనిషికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు రైలెక్కి విశాఖ వెళ్లేవాడు. నీళ్లు కొలుచుకుని తాగాలి, బొండాం ముట్టకూడదు. సొంత తోటలో కాయలు దింపించి మాకు కొట్టి ఇచ్చేవాడు. మేం తాగుతుంటే చూస్తూ కూర్చునేవాడు.

ఎన్ని తాగాక ఆగాలో ఒక షరతు పెట్టమని ముందువారమే పాపకు చెప్పాను.

“ఎందుకాపాల సారూ? ఇందులో తాగితే ఏటీ అవదు కదా.”

షరతు పెట్టించలేదు.

ఆయన కుర్చీలో కూర్చుని, వాచిన వేళ్లతో మౌసు పట్టుకున్నాడు. తనకన్నా బొమ్మకే మీసం ఎక్కువుందని కూతుర్ని ఏడిపించాడు. తరవాత చెట్టు మీద నొక్కుతూ ఒక్కో కాయా రాలుస్తూ పోయాడు. చివర్లో నాలుకతో పెదాలు తడుపుకుని, “సల్లగుందమ్మీ” అన్నాడు.

ఆ తరవాత కొన్ని వారాలు పాప క్లాసుకు రాలేదు. వాళ్ల నాన్న పెద్దకర్మ అయ్యాక వచ్చింది. తన ఫైలు తెరవమంది. మొదట్లో లెక్కను సున్నా చేసే ముక్క అందులో లేదు, అందుకని ఆయన ఆపిన అంకె అలాగే ఉంది. ఏ లెక్కైనా సున్నాతో మొదలవ్వాలని నేర్పింది నేనే. అలవాటుగా ఆ ముక్క లాగబోయాను. పాప నా చేతి మీద చెయ్యి వేసింది.

“సున్నా సెయ్యకండి సారూ. అవి మా నాన్న తాగినవి.”

ముక్కను వదిలేశాను. ఆ రోజు పాప చెట్టు మీద నొక్కలేదు, ఇంకెవర్నీ నొక్కనివ్వలేదు.

లెక్క పద్నాలుగు.