జీపు కింద పెనం

పాత జీపు కొన్న ఆ రోజుల్లో నేను కళ్ళతో కాదు, చెవులతో బండి నడిపేవాణ్ణి. నారాయణఖేడ్ నుంచి మనూరు వైపు పల్లెలకు జనాన్ని చేరవేయడం నా పని. తారు రోడ్డు దిగితే అన్నీ రాళ్ళే. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబరు ఉంటుంది. అది పగిలితే బండి అక్కడే ఆగిపోతుంది, నా బతుకూ అక్కడే. ఒక్క నెలలో రెండుసార్లు పగిలింది. మా మెకానిక్ మామ (ఎవరికి మామో నాకు ఇప్పటికీ తెలియదు) "కింద మందం రేకు బిగియ్యాలె బిడ్డా, లేకుంటే ఈపారి ఇంజనే పోతది" అన్నాడు. అంత మందం రేకు ఆయన దగ్గర లేదు. తెల్లారితే పెద్దమ్మను, మా వాడకట్టు ఆడవాళ్ళను బోరంచ నల్లపోచమ్మ గుడికి బోనాలతో తీసుకుపోవాలి. అప్పుడు గుర్తొచ్చింది, మా వంటింట్లో మందంగా, గుండ్రంగా ఒక ఇనుప వస్తువు ఉందని.

అది పెద్దమ్మ జొన్నరొట్టెల పెనం. బీదర్ వైపు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నన్ను పెంచింది ఆమే, ఆ పెనం మీది రొట్టెలతోనే. మామ దాని అంచున నాలుగు రంధ్రాలు చేసి, ఛాంబరు కింద బోల్టులతో బిగించాడు. సాయంత్రం పెనం కనబడక పెద్దమ్మ దొంగకు శాపనార్థాలు మొదలుపెట్టింది. "వాని చేతులు పడిపోను!" అంటే, నేనూ పక్కన నిలబడి "పడిపోవాలె పెద్దమ్మా" అన్నాను (రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని).

మర్నాడు బోరంచ అడ్డదారిలో కింద పెద్ద రాయి తగిలి 'ఖణ్' మంది. ఛాంబరు దక్కిందని నేను సంబరపడేలోగా వెనక సీటు నుంచి కేక.

"ఆపురా! గది నా పెనం సప్పుడు!"

"పెనం ఏంది పెద్దమ్మా, రాయి తాకింది."

"ముప్పై ఏండ్ల సంది అట్లకాడతోని కొడుతున్న. నాకెర్క లేదా?"

బోనం పక్కామెకిచ్చి, కొంగు నడుముకు దోపి, జీపు కిందికి వంగి చూసింది. నేను తిట్లకు సిద్ధపడి "ఇప్పుడే ఇప్పుతా" అన్నాను. "ఇప్పితే పోచమ్మ దగ్గరికి నీ నెత్తి మీద పోతమా? ఉండనియ్. జల్దీ నడుపు. ఇంటికి పోయినంక మాత్రం నా పెనం నాకియ్యాలె" అంది. తప్పకుండా ఇస్తానన్నాను.

ఇవ్వలేదు. ఇవాళ, రేపు అంటూ ఏళ్ళు గడిపాను. కొత్త పెనం మీద రొట్టె పొంగడం లేదని ఆమె రోజూ గొణిగేది. అయినా నా జీపెక్కినప్పుడు కింద 'ఖణ్' మంటే చాలు, పక్కవాళ్ళతో "భయపడకుండ్రి, నా పెనమున్నది" అని గర్వంగా చెప్పేది.

ఇప్పుడు నా కొత్త బండికి కంపెనీవాళ్ళే అడుగున ఉక్కు పలక బిగించి ఇచ్చారు. రాయి తగిలినా గుండె జారదు. కానీ ఆ చప్పుడు లేని దారి నాకు బోసిగా ఉంటుంది. పెద్దమ్మ పోయి రెండేళ్ళు. పాత జీపును తుక్కుకు ఇచ్చిన రోజు నేనే కింద పడుకుని నాలుగు బోల్టులూ విప్పాను. పెనాన్ని తోమి తోమి పొయ్యి మీద పెట్టాను. రొట్టె వేస్తే రంధ్రాల్లోంచి మంట తగిలి నాలుగు నల్లమచ్చలు పడ్డాయి. అట్లకాడతో ఒక దెబ్బ వేశాను. అదే చప్పుడు. "ఇగో పెద్దమ్మా, తెచ్చిచ్చిన" అన్నాను. ఆమె ఉంటే ముందు రొట్టె వంక చూసేది. "గింత మాడగొట్టినవేందిరా!" అనేది.