ఎత్తు దగ్గర దిగి నడిచేది

పోయిన బుధవారం పొద్దున నా భార్య చనిపోయింది. నలభై ఏళ్లు నిండలేదు. ఊళ్లో ఉన్నవాళ్లు వచ్చి చూశారు. ఆమె చేతి చాయ్ తాగి వెళ్లి, ఇప్పుడు దూరాన ఉన్నవాళ్లు కొందరున్నారు. వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

మాకు పిల్లలు లేరు. తాలూకా ఆఫీసులో నా ఉద్యోగం, జహీరాబాదులో రెండు గదుల ఇల్లు. అప్పటిదాకా సైకిళ్లే కిరాయికిచ్చే మా వీధి షాపు భాయ్ కొన్నేళ్ల కింద ఒక మోపెడ్ కొన్నాడు. పెడల్ ఉన్న తేలిక బండి. ఆదివారం దాన్ని కిరాయికి తెచ్చేవాణ్ని. కోహీర్ పోయి జామపళ్లు తినేవాళ్లం. ఝరాసంగం దారిలో జొన్న చేల పక్కన ఆగేవాళ్లం. ఎక్కడికీ పని మీద పోలేదు. బస్సు ఉంది కదా అని మొదట్లో ఒకసారి అన్నాను.

“బస్సుల పోతే ఊరొక్కటే కనబడ్తది. దీని మీదైతే చేన్లు గుడ కనబడ్తయి,” అంది.

ఆమెది రాయికోడ్ వైపు పల్లె. నేల చూసి ఈసారి శనగ ఎట్లా వస్తుందో చెప్పేది. బీఏ చదివిన నాకు కంది మొక్కకూ పెసర మొక్కకూ తేడా నేర్పింది ఆమే.

ఆ బండి ఇద్దరినీ చదునైన రోడ్డు మీదే లాగేది. ఎత్తు వస్తే నేను చెప్పకముందే ఆమె దిగేది. నేను పైకి పోయి, ఇంజన్ ఆగిపోకుండా బండి పట్టుకుని నిలబడేవాణ్ని. వేడి మీద ఆగిందంటే మళ్లీ స్టార్ట్ కావడానికి చాలాసేపు పెడల్ తొక్కాలి. అందుకని దాన్ని వదిలి కిందికి పోయేవాణ్ని కాదు. ఆమె నడిచి వచ్చి వెనక కూర్చునేది. ఈ సంగతి షాపు భాయికి తెలిసింది. “సార్ బండి మీద, అమ్మ కాలినడక. గిదేం షికారు సార్?” అనేవాడు. ఇంటికొచ్చి చెబితే ఆమె నవ్వేది.

రాను రాను ఆమె పైకి రావడం ఆలస్యమైంది. మధ్యలో రెండుసార్లు, మూడుసార్లు ఆగేది. నడుము మీద చేయి పెట్టి చేలవైపు తిరిగి నిలబడేది. చూడటమంటే ఇష్టం కదా, చూస్తోందనుకున్నాను. ఒకసారి విసుక్కున్నాను. అంతసేపు ఏం చూస్తున్నావన్నాను.

“కుసుమ చేను పూసింది. సూడొద్దా?” అంది.

ఆ ముక్క అనడానికి కూడా కొంచెం ఆగింది. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

పోయిన చలికాలం ఆమె కాళ్లు వాచాయి. హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. ఆయాసం ఎప్పటి నుంచని డాక్టరు అడిగాడు. రెండు నెలలని నేను చెప్పాను. ఆమె తల దించుకుని, “మూడేండ్లయితుంది సార్,” అంది. ఇంట్లో ఎందుకు చెప్పలేదని ఆయన కోప్పడ్డాడు.

“చెప్తే ఐతారం బండి తెచ్చుడు బంద్ చేస్తరు,” అంది. నా వైపు చూడలేదు.

గుండెలో కవాటం మూసుకుపోతోందన్నారు. ముందే వచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాళ్లమన్నారు. ఇప్పుడు తట్టుకోలేదన్నారు. మాత్రలు రాసిచ్చారు. వేళకు మాత్రలు ఇచ్చాను. తల కింద దిండ్లు ఎత్తుగా పెట్టాను. నా చేతిలో ఉన్నది అంతే. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీదో తెలియలేదు. మూడేళ్లు ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాను. చూస్తూనే ఉన్నాను.

చివరి ఆదివారం మంచం కిటికీ దగ్గరికి జరపమంది. జరిపాను. మధ్యాహ్నం భాయ్ మోపెడ్ మా ఇంటి ముందు నుంచి పోయింది. దాని మీద ఎవరో కొత్తగా పెళ్లయిన జంట. మంచం మీద ఆమె మోచేయి ఆనించి లేవబోయింది.

“ఆ పిల్ల కొంగు చక్రంల పడ్తది. జర చెప్పుండ్రి,” అంది.

చెప్పులు లేకుండానే రోడ్డు మీదికి ఉరికాను. రెండుసార్లు పిలిచాను. ఇంజన్ చప్పుడులో వాళ్లకు వినబడలేదు. ఆ అమ్మాయి అతని చెవి దగ్గర ఏదో చెప్పి నవ్వుతోంది. కొంగు చక్రానికి జానెడు దూరంలో ఎగురుతూ మలుపు దాకా కనబడింది.

లోపలికి వస్తే, “చెప్పిన్రా?” అని అడిగింది.

చెప్పానన్నాను.

“సర్దుకున్నదా?”

సర్దుకుందన్నాను. ఆమె దిండు మీదికి వాలి కళ్లు మూసుకుంది. కిటికీ అవతల, వాళ్లు పోయిన దారిలో, దుమ్ము ఇంకా కిందికి దిగలేదు.